ఇంజిను ఎల్వీరాది, ఫ్రేము రామిరోది

ఇంటి దగ్గర కోళ్ళు కంచె దూకి పారిపోయేటట్టు మోగిన మోటారుసైకిలు హారన్, శాఫర్డ్‌లో రవాణా ఆఫీసు ఆవరణలోకి వచ్చేసరికి కుయ్యిమని ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది. ఎల్వీరా అర్బీసు మళ్ళీ నొక్కింది. ఈసారి ఆ మూలుగు కూడా లేదు.

"కొంచెం రేజ్ చేస్తే మోగుతుంది బాబూ," అంది.

"ఇంజిను నిదానంగా తిరుగుతున్నప్పుడూ మోగాలి మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్ అల్‌రెడ్. పాతికేళ్ళుంటాయేమో, చొక్కా ఇస్త్రీ మడత కూడా నలగలేదు. "ఎవరన్నా పిల్లాడు అడ్డమొచ్చాడనుకోండి. ఆగు నాయనా, రేజ్ చేసుకుని హారన్ కొడతానంటారా?"

అన్న మాట సబబే. సబబు కాబట్టే ఎల్వీరాకి ఇంకా ఒళ్ళు మండింది. తప్పు మాటంటే ఎదురు తిరగొచ్చు, ఒప్పు మాటంటే ఏం చేస్తాం? పొరుగింటి ఫెర్మీన్ దగ్గర బతిమాలి తెచ్చుకున్న పికప్‌లోకి ఆ బండిని మళ్ళీ చెక్క మీదుగా తోసుకుని, తాళ్ళు బిగించి, దాదాపు గంట ప్రయాణం చేసి మా ఊరు క్లిఫ్టన్‌కి తిరిగొచ్చింది. ఫెర్మీన్ పికప్ ఊరికే రాదు. పోయినప్పుడల్లా ఒక గిన్నెడు తమాలెలు, మొక్కజొన్న పిండి పొత్తుల పొట్టులో చుట్టి ఉడికించేవి. ఆ లెక్కన ఆమె హారన్ కోసం మొక్కజొన్న పిండి రుబ్బుతోందని మేం నవ్వుకునేవాళ్ళం. ఆమె ముందు కాదనుకోండి.

ఎల్వీరాకి యాభై దగ్గర పడుతున్నాయి. శాఫర్డ్ ఆసుపత్రి వంటగదిలో ఉల్లిపాయలు తరగడం దగ్గర మొదలుపెట్టి, జావలు, సూపులు, ఉప్పు లేని కూరలు అన్నీ దాటుకుంటూ వచ్చింది. ఇన్నేళ్ళకి పెద్ద వంటావిడ రిటైరైంది. మేనేజరు ఎల్వీరాని పిలిచి, "పొద్దుటి వంటగది నీదే. కానీ ఐదింటికల్లా తలుపు తీయాలి. రోగుల తిండితో ఆటలొద్దు. ఎలా వస్తావో నువ్వే చూసుకో. నెలాఖరు సోమవారానికి రాలేనంటే ఇంకొకరికి ఇచ్చేస్తాను," అన్నాడు.

అక్కడే వచ్చింది చిక్కు. ఎల్వీరా పాత పికప్ గేరుబాక్సు పోయి పెరట్లో పడుంది, అందులో పిల్లులు ఈనుతున్నాయి. ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే ట్రీనీ కారెక్కి పోతోంది ఇన్నాళ్ళూ. ట్రీనీ డ్యూటీ ఏడింటికి. పైగా దారి పొడుగునా తన మోకాళ్ళ గురించీ అల్లుడి గురించీ చెబుతుంది. మోకాళ్ళ సంగతి భరించొచ్చు గానీ ఏడింటిని ఐదు చెయ్యలేం కదా. మా ఊరి నుంచి బస్సు లేదు. ఇంకో కారు కొనే స్తోమత లేదు. మిగిలింది షెడ్లో గోనెపట్టా కింద ఉన్న ఎర్ర హోండా.

అది రోడ్డు బండి కాదు. వాగుల్లో, ఇసుకలో, ముళ్ళపొదల మధ్య పందేలకి పుట్టిన బండి. లైటు లేదు, అద్దం లేదు, హారన్ లేదు. దాని మీద ఎల్వీరా ఒకప్పుడు ఆడవాళ్ళ పందేల్లో ఎడారిని ఏలింది. ఆమె వెనక లేచిన దుమ్ము తిన్న మగవాళ్ళు మా ఊళ్ళో ఇంకా ఉన్నారు, అడిగితే ఒప్పుకోరు. ఆ బండినే రోడ్డెక్కించి రోజూ పనికి పోదామని ఆమె పట్టు పట్టింది.

చెప్పినంత తేలిక కాదది. పందెం బండి లోపల కరెంటు పుట్టించే చుట్ట బక్కది, ఒక్క చిన్న బల్బుకి కూడా చాలదు. దాన్ని విప్పి, పాత తీగ పీకి, కొత్త రాగి తీగ చేత్తో చుట్టుకోవాలి. కొండకి కొండ తవ్వి ప్రపంచానికి రాగి పంపే ఊళ్ళో ఆ సన్న తీగ దొరకలేదంటే నమ్ముతారా? శాఫర్డ్‌లో దొరికింది. వంటింటి బల్ల మీద కూర్చుని చుట్టు పక్కన చుట్టు చుట్టింది. మధ్యలో లెక్క తప్పి విప్పింది, మళ్ళీ చుట్టింది. "దీనికంటే స్వెట్టరు అల్లడం నయం, ఎవడన్నా వేసుకునేవాడుంటే," అని తిట్టుకుంది. వేసుకోవాల్సిన మొగుడు గనిలో సమ్మె తర్వాత టెక్సస్‌కి పనికోసం పోయి, అక్కడే ఇంకో ఇల్లు చూసుకున్నాడు.

బ్యాటరీ పెట్టాక హారన్ సరైంది. రెండో శుక్రవారం మళ్ళీ తమాలెలు, మళ్ళీ పికప్. ఈసారి అల్‌రెడ్ హారన్ దగ్గర తలూపి, ముందు బ్రేకు నొక్కి, వంగి వెనక్కి చూశాడు. వెనక లైటు వెలగలేదు.

"కాలి బ్రేకుకి వెలుగుతుంది చూడండి," అంది ఎల్వీరా కంగారుగా.

"చేతి బ్రేకుకీ వెలగాలి మేడమ్. ఇంకోటి, ఈ టైర్ల మీద రోడ్డుకి పనికొస్తాయన్న ముద్ర లేదు. అద్దం కూడా చూడండి, ఎలా వణుకుతోందో. వెనకొచ్చేది లారీయో గాడిదో ఇందులో తెలియదు."

"ఇవన్నీ పోయినసారే చెప్పి ఏడవొచ్చుగా!"

"పోయినసారి హారన్ దగ్గరే ఆగిపోయాం కదా," అన్నాడు అల్‌రెడ్, నిమ్మకు నీరెత్తినట్టు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు, అలా ఉంది వ్యవహారం. చట్టం ఒప్పుకుంటోంది, పందెం బండిని రోడ్డు బండి చేసుకోవచ్చంటోంది. అల్‌రెడ్ మాత్రం ఒక్కో శుక్రవారం ఒక్కో బోల్టు దగ్గర ఆపేస్తున్నాడు. ఎల్వీరా దారిలో ఒకచోట పికప్ ఆపి, స్టీరింగు మీద రెండు చేతులతో బాది, తనకొచ్చిన స్పానిష్ తిట్లన్నీ అయిపోయాక ఇంగ్లిషులో మొదలుపెట్టింది. తర్వాత కళ్ళు తుడుచుకుని ఇంటికొచ్చి, ఆ రాత్రే బ్రేకు స్విచ్చి బిగించడం మొదలెట్టింది.

నెలాఖరు సోమవారానికి పది రోజులుందనగా మూడోసారి వెళ్ళింది. హారన్ మోగింది. రెండు బ్రేకులకీ లైటు వెలిగింది. టైర్లకి ముద్ర ఉంది. అద్దం కదలకుండా నిలబడింది, అందులో తన మొహం చూసుకుంటే ఎంత అలిసిపోయిందో ఎల్వీరాకే తెలిసింది. అల్‌రెడ్ కూడా మొదటిసారి నవ్వాడు.

"బాగుంది మేడమ్. ఇంక ఫ్రేము నంబరు ఒక్కటి చూసి పంపించేస్తాను."

హ్యాండిలు కింద, ఫ్రేము మెడ మీద పొరలు పొరలుగా ఎర్ర రంగు. ఎల్వీరా తండ్రి సిప్రియానో ప్రతి పందేనికీ ముందు పిల్లల బండ్లకి రంగు వేసేవాడు. పెళ్ళికూతురికి పసుపు రాసినంత శ్రద్ధగా వేసేవాడు. ఆ రంగుని అల్‌రెడ్ గీకాడు. గుడ్డతో తుడిచి, అంకెలు చదివి, కాగితం చూశాడు. మళ్ళీ చదివాడు. నవ్వు పోయింది.

"ఈ బండి మీది కాదు."

"నాది కాకపోతే నీదా?"

"కాగితంలో నంబరు వేరు, దీని మీద నంబరు వేరు." లోపలికెళ్ళి కంప్యూటర్లో చూసి వచ్చాడు. "ఇది రామిరో అర్బీసు పేరు మీదుంది. ఆయన్ని తీసుకొచ్చి, మీకిస్తున్నట్టు నా ముందు సంతకం పెట్టించండి. లేదంటే నేను రాయలేను. నిజానికి బండి ఇక్కడే ఉంచేయాలి. మీరు దొంగతనం చేసే మనిషిలా లేరు కాబట్టి తీసుకెళ్ళమంటున్నాను. వచ్చే శుక్రవారం లోపల తేలాలి."

ఎల్వీరా వంగి ఆ అంకెల మీద వేలు పెట్టింది. అప్పటికి జ్ఞాపకం వచ్చింది.

అన్నాచెల్లెళ్ళకి ఇద్దరికీ ఒకే రకం బండ్లు ఒకేసారి కొన్నాడు సిప్రియానో. ఒక పందేనికి ముందురోజు ఎల్వీరా బండి ఫ్రేము పగిలింది. రామిరో భుజం ఎముక విరిగి కట్టుతో ఉన్నాడు, ఎలాగూ పందేనికి పోలేడు. "నా ఫ్రేములో నీ ఇంజిను పెట్టుకోవే, గెలిచి రా," అన్నాడు. ముగ్గురూ కలిసి సాయంత్రానికల్లా మార్చేశారు. తర్వాత పగిలినదాన్ని వెల్డింగు చేసి, అందులో రామిరో ఇంజిను పెట్టుకున్నాడు. తిరిగి మార్చుకోవాలని ఎవరికీ తోచలేదు. మా వాళ్ళకి ఇంజినే బండి. ఫ్రేమంటే చొక్కా లాంటిది, చిరిగితే అన్నది చెల్లెలు వేసుకుంటుంది. చొక్కాని చూసి మనిషి పేరు రాసుకుంటారని మా వాళ్ళెవరూ కలలో కూడా అనుకోలేదు. మా పందేల జట్టులో సగం బండ్లు అలాంటివే. ఈ సంగతి అల్‌రెడ్‌కి తెలియకపోవడమే మంచిది.

మరి అన్న దగ్గరికి వెళ్ళి సంతకం పెట్టించుకుంటే సరిపోయేదానికి ఇంత బాధెందుకని మీరడగొచ్చు. మా ఊరివాళ్ళెవరూ అడగరు. గనిలో పెద్ద సమ్మె జరిగినప్పుడు సిప్రియానో గేటు ముందు నిలబడ్డాడు. ఎల్వీరా యూనియన్ హాల్లో వందలమందికి చిక్కుడుగింజలు ఉడికించింది, పెద్ద వంట నేర్చుకున్నది అక్కడే. రామిరో గేటు దాటి పనిలోకి పోయాడు. సమ్మె విరిగింది, యూనియన్ పోయింది, సిప్రియానో ఉద్యోగం పోయింది. "నాకు కొడుకు లేడు" అన్నాడు సిప్రియానో. "నాకు అన్న లేడు" అంది ఎల్వీరా. ఇరవై ఏళ్ళు దాటింది. తండ్రి పోయాడు. ఆమె ఆ మాట మీదే ఉంది. రామిరో ఇల్లు ఐదు మైళ్ళ దూరంలో, కొండ మీద మొరెన్సిలో. కొట్లో ఎదురుపడితే ఆమె డబ్బాల మీద ధరలు చదువుతుంది, అతను చెప్పుల వైపు చూసుకుంటాడు. మా దగ్గర ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి.

రెండు రోజులు ఎల్వీరా ఇంట్లోనే రుసరుసలాడింది. బండిని తన్నింది, కాలికే దెబ్బ తగిలింది. ఆ వంటగది వదులుకుంటే? పైనుంచి ఎవరో వచ్చి కూర్చుంటారు, తను మళ్ళీ ఉల్లిపాయల దగ్గరికి. వదులుకోకపోతే ఆ గుమ్మం ఎక్కాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మూడో రోజు ఫెర్మీన్ పికప్ తీసుకుని కొండెక్కింది.

వసారాలో రామిరో ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని చిక్కుడుగింజల్లో రాళ్ళు ఏరుతున్నాడు. జుట్టంతా తెల్లబడింది. అతని భార్య బెలెన్ తలుపు దగ్గరికొచ్చి, ఎల్వీరాని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మీ ఆయన ఉన్నాడా బెలెన్?" అంది ఎల్వీరా మెట్ల కిందనుంచే.

"ఎదురుగా కూర్చున్నాడు కదా, కనపడట్లేదా?"

"నా బండి ఫ్రేము నంబరు ఆయనదట. చెప్పు ఆయనకి."

రామిరో తలెత్తలేదు. "తెలుసని చెప్పు," అన్నాడు భార్యతో.

"తెలుసా! ఎప్పట్నుంచి తెలుసో అడుగు."

"నేనేమన్నా మీ ఇద్దరి మధ్య టెలిఫోను తీగనా?" అంది బెలెన్. "నోళ్ళున్నాయిగా ఇద్దరికీ. నాకు లోపల పొయ్యి మీద కూరుంది." అంది గానీ కదల్లేదు.

రామిరో ఒక రాయి ఏరి మెట్ల మీదకి విసిరాడు. "నాన్న బతికుండగానే తెలుసు. నేనూ లైట్లు పెట్టి రోజూ గని దగ్గర మిల్లుకి ఆ బండి మీద పోదామనుకున్నా. రవాణా ఆఫీసులో నాకూ ఒకడు రంగు గీకాడు. ఇది ఎల్వీరా అర్బీసుది, ఆమెని పట్టుకురా అన్నాడు. చెప్పు."

"మరి రాలేదేం, అడుగు."

"వచ్చానని చెప్పు. వంతెన దాటి ఆ వీధి మలుపు దాకా వచ్చా. నాన్న వసారాలో కూర్చునున్నాడు. నన్ను చూశాడు. చూసి, లేచి, కుర్చీ అటు తిప్పుకుని మళ్ళీ కూర్చున్నాడు." పళ్ళెంలో చెయ్యి ఆగింది. "ఇంక ఎక్కడికి రమ్మంటావు? వెనక్కొచ్చి బండిని షెడ్లో వేలాడగట్టా. అదింకా అక్కడే ఉంది."

ఎల్వీరాకి ఈ సంగతి తెలియదు. సిప్రియానో చచ్చేదాకా ఒక్క ముక్క అనలేదు. ఆమె ఆ పూట లోపల రొట్టెలు కాలుస్తూ ఉండి ఉంటుంది. తండ్రి మీద ఎన్నడూ లేని కోపం వచ్చింది, పోయినవాడి మీద కోపం తెచ్చుకున్నందుకు తన మీదా వచ్చింది. ఆ రెండూ కలిపి ఎదురుగా ఉన్నవాడి మీద కుమ్మరించింది.

"నువ్వు గేటు దాటినప్పుడు ఆయన్ని చూశావా? ఎండలో నిలబడి నీ పేరు పెట్టి పిలిచాడు. నీ కారు మా పక్కనుంచే పోయింది. అద్దం కూడా దించలేదు నువ్వు!"

"దించితే దిగిపోయేవాణ్ణి," అన్నాడు రామిరో. మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. "బెలెన్‌కి నెలలు నిండకుండా నొప్పులు. సమ్మెలో ఉన్నవాళ్ళకి కంపెనీ వైద్యం ఆపేసింది. పిల్ల అరచేతంత ఉంది. నేను చేసింది మంచిదనను. మళ్ళీ ఆ రోజొస్తే మళ్ళీ ఆ గేటే దాటతాను. అది కూడా చెప్పు బెలెన్."

"వింది," అంది బెలెన్ మెల్లగా.

ఎల్వీరా వెనక్కి తిరిగింది. క్షమించలేదు. క్షమించే మాట రాలేదు, అడిగినవాడూ లేడు. పికప్ తలుపు వేసుకుంటుంటే వెనకనుంచి రామిరో గొంతు వినిపించింది. "శుక్రవారం నాకు పనేం లేదని చెప్పు ఆవిడకి."

శుక్రవారం ఇద్దరూ పికప్‌లో పక్కపక్కనే కూర్చుని శాఫర్డ్ వెళ్ళారు. ఒకచోట రామిరో వెనక్కి తిరిగి చూసి, "తాడు వదులైంది," అన్నాడు. ఎల్వీరా ఆపి బిగించింది. అంతే.

అల్‌రెడ్ అన్నీ మళ్ళీ మొదట్నుంచి చూశాడు, మనిషి అలాంటివాడు. హారన్, లైట్లు, అద్దం, టైర్లు. ఎక్కడా వంక దొరకలేదు. లోపల కౌంటరు దగ్గర వరసలో నిలబడ్డారు. ఎల్వీరా వెనక్కి చూసింది. నలుగురి వెనక మాటియానా. యూనియన్ హాల్లో తనతో కలిసి గింజలు ఉడికించిన మనిషి. సమ్మె విరిచినవాళ్ళ ఇంటి చావులకి కూడా పోని మనిషి. ఆమె కళ్ళు రామిరో మీద, తర్వాత ఎల్వీరా మీద, మళ్ళీ రామిరో మీద తిరుగుతున్నాయి.

అల్‌రెడ్ కాగితం ముందు పెట్టుకున్నాడు. "ఇద్దరి ఇంటిపేరూ ఒకటే ఉంది. మీకేమన్నా చుట్టరికమా? సొంత కుటుంబమైతే ఒకలా రాయాలి, బయటివాళ్ళకి అమ్మితే ఒకలా రాయాలి."

ఎల్వీరా కౌంటరు అంచు పట్టుకుంది. వీపు మీద మాటియానా చూపు గుచ్చుకుంటోంది.

రామిరో వెనక వరసనీ చూశాడు, చెల్లెలి మొహాన్నీ చూశాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"లేదండీ," అన్నాడు. "మాకేం చుట్టరికం లేదు. బయటివాళ్ళమనే రాయండి."

అతని గొంతులో నిష్ఠూరం లేదు. ఆమె పరువు కాపాడుతున్నాడు. ఊళ్ళో ఆమె మాట పోకుండా తనే ఆమె తరఫున ఆ మాట అనేశాడు, అలవాటైన బరువు ఇంకోసారి ఎత్తుకున్నట్టు. ఎల్వీరా ఇన్నేళ్ళుగా ఆ మాటని ఎంతమంది ముందు అందో లెక్కలేదు. అతని నోట వినడం ఇదే మొదలు. అది ఇలా తగులుతుందని ఆమెకి తెలియదు.

"ఏం లేదు?" అంది. గది గదంతా వినపడింది. "ఏం లేదంటావేం, బుద్ధుందా నీకు? ఒక్క తల్లి కడుపున పుట్టి, ఒక్క పళ్ళెంలో తిని, నీ బండి ఎముకలు తీసి నాకిచ్చి, చుట్టరికం లేదా?" అల్‌రెడ్ వైపు తిరిగింది. "అన్న. నా సొంత అన్న. రాసుకో. పెద్ద అక్షరాల్లో రాసుకో."

అల్‌రెడ్ కలం తీసి రాసుకున్నాడు. ఎల్వీరాకి ఏడుపొచ్చింది. కోపంతోనే వచ్చింది, ఆ కోపం ఎవరి మీదో ఆమెకే తెలియలేదు. వెనక మాటియానా ఏదో గొణిగి, వరసలోంచి తప్పుకుని బయటికెళ్ళిపోయింది. రేపటికల్లా ఈ సంగతి ఊరంతా తెలుస్తుంది. కొన్ని గుమ్మాలు ఇంక ఎల్వీరాకి కూడా మూసుకుంటాయి. ఆమెకి అదీ తెలుసు.

అల్‌రెడ్ కాగితం తిప్పి రామిరో ముందు పెట్టాడు. రామిరో కలం తీసుకుని వంగాడు. మొదటి అక్షరం రాసి ఆగిపోయాడు, రెండోది గీత దాటి పోయింది. టోపీ బల్ల మీద పెట్టి, ఒక చేత్తో ఇంకో చేతిని పట్టుకున్నాడు.

"నిదానంగా చెయ్యి అన్నయ్యా," అంది ఎల్వీరా. "నాకేం తొందర లేదు."